మూజువాణి ఓటులో పేర్లుండవు: విపక్ష ఎంపీ పనిని రికార్డుల్లో పట్టుకోవడం

(చెన్నైలో తెలుగువారి ఆదివారపు సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం. చివర శ్రోతలు అడిగినవాటిలో రెండు ప్రశ్నలు మాత్రమే ఇచ్చాం.)

అందరికీ నమస్కారమండీ. వెనకవాళ్లకు వినిపిస్తోందా? సరే.

మనం కూర్చున్న ఊరితోనే మొదలుపెడదాం. చెన్నైకి మూడు లోక్‌సభ స్థానాలున్నాయి. ఉత్తరం, మధ్య, దక్షిణం. 2024లో మూడూ డీఎంకే గెలిచింది. ఢిల్లీలో ఆ పార్టీ ప్రతిపక్షం. కాబట్టి ఈ హాల్లో చెన్నై ఓటు ఉన్న ప్రతివాళ్లకూ ఉన్నది ప్రతిపక్ష ఎంపీయే. ఓటు ఇంకా నెల్లూరులోనో చిత్తూరులోనో ఉంచుకున్నవాళ్లు కూడా ఉన్నారని తెలుసు, మీ సంగతీ వస్తుంది. మీ ఎంపీ సభలో ఏం చేస్తున్నారని అడిగితే ఎక్కువమంది ఫోన్లో వచ్చిన వీడియో ముక్క చూపిస్తారు, లేదంటే హాజరు శాతం చెబుతారు. ఆ రెండింటితో ఎంపీ పని అంచనా వేయడమంటే పెళ్లికొడుకును ఫొటో చూసి ఒప్పుకున్నట్టే. (నవ్వులు)

ముందు ఒక జాగ్రత్త. ప్రతిపక్షం అన్నది తేదీతో పాటు రాసుకోవాల్సిన మాట. 16వ లోక్‌సభలో తెలుగుదేశం ఎంపీలు 2018 మార్చి వరకూ ఎన్డీయేలో ఉన్నారు, అదే ఏడాది జులైలో ప్రభుత్వం మీద అవిశ్వాస తీర్మానం పెట్టింది వాళ్లే. ఆ ఐదేళ్ల ఓట్లనూ ప్రశ్నలనూ ఒకే కుప్ప పోసి సగటు తీస్తే ఆ లెక్క దేనికీ పనికిరాదు. మీ ఎంపీ పని నమోదు చేసుకునే షీట్లో పార్టీ పేరు పక్కన ‘ఆ రోజుకి ఎటు’ అని ఇంకో గడి పెట్టుకోండి.

ఇక ఓట్లు. అందరూ ముందు వెతికేది ఇవే, అందరికీ నిరాశ ఎదురయ్యేదీ ఇక్కడే. అమెరికాలోలాగా మా ఎంపీ ఏ బిల్లుకు ఎటు ఓటేశాడో పట్టిక ఉంటుందనుకుని వెళతారు. మన దగ్గర ఎక్కువ బిల్లులు మూజువాణి ఓటుతోనే నెగ్గుతాయి. అవునన్నవాళ్లు అవునంటారు, కాదన్నవాళ్లు కాదంటారు, ఏ గొంతు పెద్దదో సభాపతి తేలుస్తారు. ఎవరి పేరూ రికార్డుకెక్కదు. మనకు బాగా గుర్తున్న ఉదాహరణే తీసుకుందాం. 2014 ఫిబ్రవరి 18న ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ బిల్లు లోక్‌సభలో మూజువాణి ఓటుతో పాసైంది. ప్రత్యక్ష ప్రసారం కూడా ఆగిపోయిన రోజది. రాష్ట్రం రెండైన బిల్లుకు ఎవరు ఔనన్నారో ఎవరు కాదన్నారో పేర్లతో జాబితా ఇవాళ మీరు ఎంత తవ్వినా దొరకదు, ఎందుకంటే అలాంటి జాబితా తయారే కాలేదు.

పేర్లు కావాలంటే డివిజన్, అంటే సభ్యులు ఒక్కొక్కరుగా బటన్ నొక్కి ఓటేయడం, జరగాలి. సభాపతి ప్రకటించిన ఫలితాన్ని ఎవరైనా సభ్యుడు ఒప్పుకోకపోతే డివిజన్ అడుగుతాడు. లాబీలు ఖాళీ చేయిస్తారు, మూడున్నర నిమిషాలు గంట మోగుతుంది, తలుపులు మూస్తారు, ప్రశ్న రెండోసారి వేస్తారు. అప్పుడూ సభాపతి చేతిలో ఒక వెసులుబాటుంది. అనవసరంగా డివిజన్ అడుగుతున్నారనిపిస్తే, లోక్‌సభ నియమం 367 ప్రకారం అటు ఇటు లేచి నిలబడమని తలలు లెక్కపెట్టించి ఫలితం చెప్పేయొచ్చు. అంకె ఉంటుంది గానీ పేర్లుండవు. 2020 సెప్టెంబరు 20న రాజ్యసభలో వ్యవసాయ బిల్లుల మీద డివిజన్ కావాలని విపక్షం అడిగితే, అడిగినవాళ్లు తమ సీట్లలో లేరన్న కారణం చూపి ఇవ్వలేదు. అక్కడా మూజువాణే. అందుకే ‘మా ఎంపీ వ్యవసాయ చట్టాలకు వ్యతిరేకంగా ఓటేశాడు’ అని ఎవరైనా రాస్తే అది రికార్డులోది కాదు. వ్యతిరేకంగా మాట్లాడాడని రాయొచ్చు, సవరణ పెట్టాడని రాయొచ్చు.

డివిజన్ తప్పనిసరిగా జరిగేది రాజ్యాంగ సవరణలకు. 368వ అధికరణం మొత్తం సభ్యుల్లో సగానికి పైగా, హాజరై ఓటేసినవాళ్లలో మూడింట రెండొంతులు కావాలంటుంది. గొంతుతో అది తేలదు కదా. 2023 సెప్టెంబరు 20న మహిళా రిజర్వేషన్ బిల్లుకు లోక్‌సభలో 454 మంది ఔను, ఇద్దరు కాదు. ఆ ఇద్దరూ మజ్లిస్ సభ్యులే, ఒవైసీ, ఇంతియాజ్ జలీల్. ఇలాంటి చోట పని సులువు.

ఇప్పుడు డివిజన్ జాబితా పేజీని దగ్గరగా చూద్దాం. పైన డివిజన్ నంబరు, పక్కన ఓటు జరిగిన సమయం. కింద ఔను అన్నవాళ్లు, తర్వాత కాదన్నవాళ్లు. పేర్లు ఇంటిపేరు ముందు పెట్టి అక్షర క్రమంలో ఉంటాయి, దయానిధి మారన్ గారి కోసం ‘ద’ దగ్గర వెతికితే లేరనుకుంటారు, ఆయన ‘మారన్, శ్రీ దయానిధి’ అని ఉంటారు. ఆ జాబితా అయిపోయిందని పేజీ మూసేయకండి. అట్టడుగున చిన్న అక్షరాల్లో ‘చీటీల ద్వారా ఓటు నమోదు చేసినవారు’ అని ఇంకొన్ని పేర్లుంటాయి. బటన్ సరిగ్గా పడనివాళ్లు, ఒకటి నొక్కబోయి ఇంకోటి నొక్కినవాళ్లు చీటీ రాసిస్తారు. బోర్డు మీద అంకె చదివేటప్పుడు సభాపతి ‘సవరణకు లోబడి’ అనేది ఇందుకే. 2024 డిసెంబరు 17న జమిలి ఎన్నికల బిల్లు ప్రవేశపెట్టే దశలో ఎలక్ట్రానిక్ బోర్డు 220కి 149 చూపించింది, చీటీలన్నీ కలిపాక 269కి 198 అయింది. మొదటి అంకె పట్టుకుని ‘మా ఎంపీ ఓటెయ్యలేదు’ అని పోస్టు పెట్టినవాళ్ల గతి ఊహించుకోండి. ఇంకో సంగతి, అది బిల్లును ప్రవేశపెట్టడానికి జరిగిన ఓటు, బిల్లు పాసైన ఓటు కాదు. ఏ దశ ఓటో రాయకపోతే మీ షీటు అబద్ధమాడుతుంది.

తేదీ దగ్గర కూడా పొరపాటు జరుగుతుంది. వక్ఫ్ సవరణ బిల్లుకు లోక్‌సభలో 288–232తో ఓటు జరిగింది అర్ధరాత్రి దాటాక, క్యాలెండరు ప్రకారం 2025 ఏప్రిల్ 3న. సభ కూర్చున్నది మాత్రం 2న. చర్చ పాఠం 2వ తేదీ సమావేశం కింద వెతకాలి.

జాబితాలో పేరు లేదంటే దానర్థం ఒకటే కాదు. 2018 జులై 20న తెలుగుదేశం అవిశ్వాసం, సభలో ప్రకటించిన లెక్క ప్రకారం, 126–325తో వీగిపోయింది. కేశినేని శ్రీనివాస్ ప్రవేశపెట్టారు, గల్లా జయదేవ్ చర్చ మొదలుపెట్టారు, అంతా పేర్లతో ఉంది. ఆ రోజు ఒడిశా పార్టీ బీజేడీ వాకౌట్ చేసింది. వాకౌట్ చేసినవాళ్ల పేర్లు ఓటు జాబితాలో ఎక్కడా రావు. చర్చ పాఠంలో మాత్రం ‘ఈ దశలో శ్రీ ఫలానా, మరికొందరు గౌరవ సభ్యులు సభ నుంచి వెళ్లిపోయారు’ అని ఒక్క వాక్యం ఉంటుంది. ఒక్క పేరు, మిగతావాళ్లంతా ‘మరికొందరు’. సీట్లో కూర్చుని పసుపు బటన్ నొక్కిన తటస్థుడు వేరు, బయటికి నడిచినవాడు వేరు, అసలు ఢిల్లీకే పోనివాడు వేరు. అందుకని ఓటు గడిలో ఔను, కాదు అని రెండే పెట్టుకోకండి. తటస్థం, వాకౌట్, గైర్హాజరు, మూజువాణి అని కూడా రాసుకోండి. 2023 ఆగస్టు 10న అవిశ్వాసానికి మూజువాణి, అప్పటికే విపక్షం వాకౌట్. ఆ రోజుకి మీ షీట్లో ఏ ఎంపీకీ ఔను గానీ కాదు గానీ ఉండకూడదు.

ఇంత కష్టపడి పట్టుకున్న ఓటు ఆ మనిషి గురించి ఎంత చెబుతుంది? చాలా తక్కువ. 1985లో 52వ సవరణతో వచ్చిన పదో షెడ్యూలు (ఫిరాయింపుల నిరోధక చట్టం) ప్రకారం, ఎటు ఓటేయాలో చెప్పే పార్టీ విప్‌ను కాదని ఓటేసినా, అనుమతి లేకుండా ఓటుకు దూరంగా ఉన్నా, పార్టీ 15 రోజుల్లోగా క్షమించకపోతే సభ్యత్వానికే ఎసరు. కాబట్టి ఓటు పార్టీది. మనిషి కనిపించేది ప్రసంగాల్లో కొంత, ప్రశ్నల్లో ఎక్కువ. నన్నడిగితే మీ సమయంలో ముప్పావు వంతు ప్రశ్నల మీద పెట్టమంటాను.

ప్రసంగాల సంగతి. ఎంతసేపు మాట్లాడాడని అడిగే ముందు ఎంతసేపు ఇచ్చారో చూడాలి. చర్చకు సమయం పార్టీల బలాన్ని బట్టి పంచుతారు. లోక్‌సభలో డీఎంకేకు 2024లో వచ్చినవి 22 సీట్లు. బిల్లుకు నాలుగు గంటలు కేటాయించారనుకోండి, 240 నిమిషాలు. 543లో 22 వాటా అంటే పార్టీ మొత్తానికి సుమారు పది నిమిషాలు. ఇద్దరిని మాట్లాడిస్తే చెరి ఐదు. మూడో నిమిషానికే టైం అయిపోతోందన్న గంట టంగుమంటుంది. వెనక వరస ఎంపీ అందుకే జీరో అవర్ (అత్యవసర విషయాలు లేవనెత్తే సమయం), 377 నియమం వైపు పోతాడు. జీరో అవర్‌కి లోక్‌సభలో ఆ రోజు ఉదయం పది లోపు నోటీసివ్వాలి, లాటరీ తీస్తారు. 377 కింద ఇచ్చేది 250 మాటలు మించకూడని కాగితం, చాలాసార్లు అది చదవకుండా సభ ముందు ఉంచినట్టే రాసుకుంటారు.

లెక్కపెట్టే వెబ్‌సైట్లలో ఇవన్నీ ఒక్కొక్కటిగానే పడతాయి. ఢిల్లీలోని పీఆర్ఎస్ అనే సంస్థ ప్రతి ఎంపీకీ ఒక పేజీ పెడుతుంది, హాజరు, చర్చలు, ప్రశ్నలు, ప్రైవేటు మెంబర్ బిల్లులు (మంత్రి కాని సభ్యుడు పెట్టేవి). మంచి పని, మొదలుపెట్టేది అక్కడే. కానీ చర్చలు 60 అని ఉంటే లోపలికెళ్లి రకం చూడండి. బడ్జెట్ మీద ప్రసంగమూ ఒకటే, జీరో అవర్లో నిమిషం మాటా ఒకటే. అసలు పాఠం పార్లమెంటు వెబ్‌సైట్ సంసద్ డాట్ ఇన్‌లో ఉంటుంది. పాత లోక్‌సభలవి పార్లమెంటు డిజిటల్ లైబ్రరీలో దొరుకుతాయి. ఒకరు మాట్లాడాక పదిమంది పేర్లు చెప్పి ‘ఈ అంశంతో గొంతు కలపడానికి అనుమతిస్తున్నాం’ అని ఒక పంక్తి వస్తుంది. వాళ్లు చీటీ ఇచ్చారు, అంతే. దాన్ని ప్రసంగంగా రాసుకోకండి.

విపక్ష సభ్యుల పాఠాల్లో చుక్కల వరసలు ఎక్కువ కనిపిస్తాయి. నియమం 380 కింద సభాపతి తొలగించిన మాటల చోట అవి వస్తాయి. 2024 జులై 1న రాహుల్ గాంధీ ప్రసంగంలో కొన్ని భాగాలు అలాగే తీసేశారు. వీడియోలో విన్నది పాఠంలో లేదంటే ఎవరో మోసం చేశారని కాదు, తొలగించారని. మీరు అధికారిక రికార్డు నుంచి అని రాస్తుంటే ఆ మాటలు కోట్ చేయకూడదు. పాఠం పక్కన సమయాలు అచ్చవుతాయి, వాటిని పట్టుకుని సంసద్ టీవీ రికార్డింగులో ఆ చోటికి వెళ్లిపోవచ్చు.

ప్రశ్నల దగ్గరికొద్దాం. ఇక్కడ తొందర లేదు.

లోక్‌సభలో రోజుకు 20 నక్షత్ర గుర్తు ప్రశ్నలు, 230 గుర్తు లేనివి. రాజ్యసభలో 15, 160. నక్షత్రం ఉన్నదానికి మంత్రి నోటితో చెప్పాలి, అడిగిన సభ్యుడు రెండు అనుబంధ ప్రశ్నలు వేయొచ్చు. లేనిదానికి కాగితమే. సభ్యుడు కనీసం 15 రోజుల ముందు నోటీసిస్తాడు, ఏది ముందన్నది లాటరీ తేలుస్తుంది. మంత్రిత్వ శాఖలను ఐదు గుంపులు చేసి వారంలో తలా ఒక రోజు ఇస్తారు. రైల్వే ప్రశ్న ఏ రోజు వస్తుందో ముందే తెలుసన్నమాట, మీరూ ఆ రోజుకే చూసుకుంటే చాలు. గంటసేపట్లో నోటిమాటగా తేలేవి మామూలుగా నాలుగైదే. సభ వాయిదా పడితే అన్నీ కాగితాలే. అందుచేత మా ఎంపీకి నక్షత్రం ప్రశ్న వచ్చినా లేవలేదేమిటని అనుకునే ముందు ఆ రోజు సభ నడిచిందా, ఆయన నంబరు ఎన్నోది అని చూడండి. 17వ నంబరైతే పాపం ఆయనేం చేస్తాడు.

ప్రశ్నల సంఖ్య ఉబ్బడానికి ఒక కారణముంది. ఒకే విషయం మీద ఐదుగురు నోటీసిస్తే ఐదింటినీ కలిపి ఒకే ప్రశ్న చేస్తారు. సమాధానం కాగితం మీద ఐదు పేర్లు, ఐదుగురి లెక్కలోనూ ఒక్కో ప్రశ్న. నేనైతే పేర్ల సంఖ్య కూడా ఒక గడిలో రాస్తాను. ప్రశ్న నంబరు సెషన్ మారగానే మళ్లీ ఒకటి నుంచి మొదలవుతుంది. ‘ప్రశ్న 1204’ అని మాత్రమే రాసుకుంటే ఆరు నెలల తర్వాత మీకే దొరకదు. సభ, సెషన్, తేదీ, గుర్తు ఉందా లేదా, అప్పుడు నంబరు. తిరస్కరించిన నోటీసులు ఈ జాబితాల్లో ఉండవు. తక్కువ ప్రశ్నలున్న ఎంపీ తక్కువ అడిగాడని రాయడానికి మీ దగ్గర ఆధారం లేదన్నమాట.

ఒక సమాధానం కాగితం చూడండి. పైన మంత్రిత్వ శాఖ, నంబరు, తేదీ. తర్వాత ప్రశ్న (ఎ), (బి), (సి), (డి) అని ముక్కలుగా. (ఎ) ‘ప్రభుత్వం దృష్టికి వచ్చిందా’. (బి) ‘వస్తే వివరాలు, జిల్లాలవారీగా’. (సి) ‘రాకపోతే కారణాలు’. (డి) ‘ఎప్పటిలోగా’. కింద సమాధానం. ముందు చూడాల్సింది అక్షరాలు. ప్రతి ముక్కకూ విడిగా జవాబిచ్చారా, లేక ‘(ఎ) నుంచి (డి) వరకు’ అని కట్టకట్టి రెండు పేరాలు పోశారా? కట్ట కట్టారంటే ఏదో ముక్క మింగేశారని అనుమానించండి. సాధారణంగా మింగేది ‘ఎప్పటిలోగా’. జిల్లాలవారీగా అడిగితే అనుబంధంలో రాష్ట్రాలవారీ పట్టిక ఇవ్వడం ఇంకో అలవాటు. శాంతిభద్రతలు రాష్ట్ర విషయం అన్న వాక్యంతో ముగిసే జవాబులు మరికొన్ని. ‘సమాచారం సేకరిస్తున్నాం, సభ ముందు ఉంచుతాం’ అంటే మాత్రం ఎర్ర పెన్నుతో గీయండి, అది హామీ. హామీల కమిటీ లెక్కలోకి వెళుతుంది, మూడు నెలల్లో నెరవేర్చాలి. తర్వాతి సెషన్‌లో ఆ ఎంపీ దాన్ని మళ్లీ అడిగాడా? ప్రశ్నలు వందలకొద్దీ వేసినవాడికీ, ఒక విషయాన్ని వెంటపడి అడిగినవాడికీ తేడా అక్కడ బయటపడుతుంది.

సాధన చేయడానికి మన ఊరి విషయమే ఒకటి చెబుతాను. చెన్నై మెట్రో రెండో దశ, 63,246 కోట్ల పని. 2020 నవంబరులో శంకుస్థాపన, కేంద్ర మంత్రివర్గం ఆమోదం 2024 అక్టోబరు 3న. ఆ రెండు తేదీల మధ్య నాలుగేళ్లలోనూ, ఆ తర్వాతా పట్టణాభివృద్ధి శాఖకు ఈ ప్రాజెక్టు మీద తమిళనాడు ఎంపీలు వేసిన ప్రశ్నలు వెతికి, తేదీల వరసలో పెట్టి, ఆమోదానికి ముందు జవాబులూ తర్వాత జవాబులూ పక్కపక్కన చదవండి. ఒక ఆదివారం చాలు. ఫలానా ఎంపీ అడగబట్టే ఆమోదం వచ్చిందని మాత్రం ఆ వరస నుంచి తేల్చలేరు.

ప్రైవేటు మెంబర్ బిల్లుల మీద ఆశ పెట్టుకోకండి. 1970 తర్వాత రెండు సభలూ దాటినది ఒక్కటీ లేదు. అయినా చదవండి. డీఎంకే నాయకుడు తిరుచ్చి శివ గారి ట్రాన్స్‌జెండర్ హక్కుల బిల్లును 2015 ఏప్రిల్ 24న రాజ్యసభ ఆమోదించింది. లోక్‌సభ దాటలేదు, 2019లో ప్రభుత్వం తన బిల్లుతో చట్టం చేసింది. రెండు పాఠాలనూ పక్కన పెట్టి చదివితే ఏది మిగిలింది ఏది పోయింది తెలుస్తుంది.

మంత్రిత్వ శాఖల పనినీ బిల్లులనూ పరిశీలించే ఎంపీల స్థాయీ సంఘాలు 24 ఉన్నాయి. తలుపులు మూసుకుని కూర్చుంటారు, ఎవరేమన్నారో రాదు. నివేదిక చివర హాజరు పట్టిక, అసమ్మతి పత్రం ఉంటే అది, ఈ రెండూ చూసి వదిలేయండి.

రికార్డుల్లో ఖాళీల గురించి ఒక మాట. 2020 వర్షాకాల సమావేశాల్లో కోవిడ్ పేరుతో ప్రశ్నోత్తరాల గంటే లేదు, ఆ ఏడాది శీతాకాల సమావేశాలే జరగలేదు. 2023 డిసెంబరులో రెండు సభల్లో కలిపి 146 మంది విపక్ష సభ్యుల్ని సస్పెండ్ చేశారు. వాళ్ల పేరు మీదున్న ప్రశ్నలు జాబితాల్లోంచి పోయాయి. మూడు కొత్త క్రిమినల్ చట్టాల బిల్లులు పాసైంది ఆ వారంలోనే. ఆ చర్చలో మా ఎంపీ నోరు మెదపలేదని రాయబోయే ముందు ఆ 146లో ఉన్నారేమో చూడండి. మన తమిళనాడు నుంచే ఒక విచిత్రం జరిగింది. డిసెంబరు 14న అప్పటి సేలం ఎంపీ పార్థిబన్ గారిని సభలో గొడవ చేశారని సస్పెండ్ చేశారు, ఆయన ఆ రోజు సభలోనే లేరు, చెన్నైలో ఉన్నారు. (నవ్వులు) తర్వాత పేరు తీసేశారు. అధికారిక ప్రకటన కూడా ఒకరోజు ఆగి చూడాలనడానికి చెబుతున్నాను.

పేర్లతో ఇంకో తలనొప్పి. కనిమొళి అని కొడితే ఇద్దరు. తూత్తుకుడి లోక్‌సభ సభ్యురాలు కనిమొళి కరుణానిధి, 2019కి ముందు ఆమె రాజ్యసభలో ఉన్నారు. 2021లో రాజ్యసభకు వచ్చినవారు డాక్టర్ కనిమొళి ఎన్‌వీఎన్ సోము. రాజ్యసభ ప్రశ్నలన్నీ ఒకరి ఖాతాలో వేసేస్తే అంతే సంగతులు. దక్షిణ చెన్నై ఎంపీని జనం తమిళచ్చి తంగపాండియన్ అంటారు, రికార్డులో టి. సుమతి అనే పేరు ముందుంటుంది. పేరుతో కాకుండా నియోజకవర్గంతో, సభ్యుల పట్టికలోంచి నొక్కి వెళ్లండి.

ప్రశ్నలుంటే అడగండి.

శ్రోత: పీఆర్ఎస్‌లో హాజరు తొంభై శాతం అని ఉంటే బాగా పనిచేస్తున్నట్టే కదండీ?

హాజరంటే రిజిస్టర్లో సంతకమండీ. సంతకం పెట్టి పది నిమిషాల్లో బయటికొచ్చినా ఆ రోజు హాజరే. మంత్రులూ ప్రతిపక్ష నాయకుడూ సంతకం పెట్టనక్కర్లేదు. 2024 జూన్ నుంచి రాహుల్ గాంధీ గడి ఖాళీగా ఉంటే గైర్హాజరని కాదు. ముప్పై శాతం ఉంటే మాత్రం కారణం వెతకండి. అనారోగ్యమా, సస్పెన్షనా, సెషన్ మధ్యలో గెలిచి వచ్చారా అని.

శ్రోత: మన ఆంధ్రా ఎంపీలు తెలుగులో మాట్లాడితే ఎక్కడ దొరుకుతుందండీ? మా అమ్మాయి వెతికితే ఇంగ్లిషే వచ్చింది.

నిజమేనమ్మా. చర్చ పాఠంలో దాని అనువాదం ఇచ్చి, మూలం తెలుగు అని పక్కన రాస్తారు. కాబట్టి తెలుగు మాటలతో వెతికితే తగలదు. ముందు అంశం పేరు ఇంగ్లిషులో కొట్టి పాఠం పట్టుకోమనండి, దాని మీద ఉన్న సమయం చూసి వీడియోలో ఆ నిమిషానికి వెళ్లమనండి. సామెతలూ చురకలూ అనువాదంలో చప్పబడిపోతాయి. అక్కడ వినిపించిన వాక్యాన్ని ఉన్నదున్నట్టు తెలుగులోనే షీట్లో రాసి, పక్కన వీడియో నిమిషం వేయమనండి.